ఎడమచేతి మెలి

పోయిన వారం రత్నమాలని బండి కింద, వీపు సిమెంటు నేలకి ఆనించి, నోట్లో టార్చి కరుచుకుని ఉండగా వదిలేసి వచ్చాం. ఆమె చూస్తున్నది ఒక తీగ ముక్కని. జానెడైనా లేని ఆ తీగ ఆమెకి ముచ్చెమటలు ఎందుకు పోయించిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

రత్నమాలది ఇనప గనుల ఊరు బచేలిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. తమ్ముడు శ్యామ్‌ప్రసాద్ రైల్వేలో సిగ్నళ్లు చూసేవాడు. పుట్టినప్పటినుంచీ ఎడమచేతి వాటం. విశాఖపట్నంలో ఒక డాక్టరు దగ్గర ఎర్రటి ఇటాలియన్ స్పోర్ట్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొని, లారీ మీద తాళ్లు కట్టి తెచ్చుకున్నాడు. బచేలి, కిరండూల్ ఊళ్లలో బైకుల పిచ్చి ఉన్నవాళ్లు ఏడుగురు ఆదివారం బ్యాచ్ అని పేరు పెట్టుకుని తిరిగేవాళ్లు. వాళ్లలో ఇటలీ బండి ఇదొక్కటే. దీని క్లచ్ నూనెలో మునగదు, పొడిగా తిరుగుతుంది. అందుకని క్లచ్ పట్టుకున్నప్పుడల్లా ఇనప డబ్బాలో గోళీలు పోసి కుదిపినట్టు గలగలమంటుంది. ఆ చప్పుడు విని ఊరంతా శ్యామ్ వస్తున్నాడనుకునేది.

పద్నాలుగు నెలల క్రితం, ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న ఆ బండెక్కి వెళ్లిన శ్యామ్ మళ్లీ రాలేదు. బండి మాత్రం దొరికింది. పక్క జిల్లాలోని బీజాపూర్ దాటాక, గుమ్మిడి వాగు కల్వర్టు పక్కన, స్టాండు మీద బుద్ధిగా నిలబడి ఉంది. ఎక్కడా గీత పడలేదు. నెత్తురు చుక్క లేదు. వెతికినవాళ్లు వెతికారు, రాసుకున్నవాళ్లు రాసుకున్నారు.

బండి అమ్మెయ్యమని అందరూ చెప్పారు. రత్నమాల అమ్మలేదు. నడపడం నేర్చుకుంది, ఆ తర్వాత విప్పడం కూడా నేర్చుకుంది. నేర్పినవాడు అప్పలకొండ. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, వాళ్ల నాన్నకి తోటి ఉద్యోగి, బ్యాచ్ మొత్తానికీ పెద్ద దిక్కు. ఇంజిన్ అడుగున నూనె వదిలే బోల్టు ఊడిపోకుండా, దాని తలలో ఉన్న రంధ్రం గుండా సన్నటి స్టీలు తీగ దూర్చి మెలేసి కట్టడం ఆయన పెట్టిన నియమం. లాక్ వైర్ అంటారు దాన్ని. ఎవరి మెలి వారిదే. కుడిచేతివాళ్ల మెలి ఒక వైపు తిరుగుతుంది, ఎడమచేతివాళ్లది రెండో వైపు. బ్యాచ్‌లో ఎడమచేతి మనిషి శ్యామ్ ఒక్కడే ఉండేవాడు.

శనివారం సాయంత్రం నూనె మార్చుదామని బండి కిందకి దూరిన రత్నమాలకి కనిపించింది ఎడమచేతి మెలి. తళతళలాడే కొత్త తీగ. జనవరిలో అక్కడ తన చేత్తో తాను వేసిన మెలి లేదు. పక్కకి జరిగి, నూనె చూసే గాజు కిటికీలోకి టార్చి కొట్టింది. రెండు వేల కిలోమీటర్లు తిరిగిన నూనె కాటుకలా ఉండాలి. లోపల తేనె రంగులో కొత్త నూనె మెరుస్తోంది.

బండి పెట్టే షెడ్డుకి ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. తాళంచెవి ఆమె మెడ గొలుసుకే ఉంది.

*

ఆదివారం తెల్లవారాక ఆమె మొదట చేసిన పని ఆ తీగని కత్తిరించి తీయడం. తన తీగతో బోల్టు మళ్లీ కట్టింది. తీసిన ముక్కని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంది. పని ఎక్కడా తప్పు పోలేదు. ఈ పద్నాలుగు నెలల్లో ఆమె నేర్చుకున్నది అదే. చేతులకి పని అప్పగిస్తే మనసు కాసేపు నోరు మూసుకుంటుంది.

ఫోను మోగింది. బ్యాచ్‌లో కుర్రకారుకి నాయకుడైన నాగార్జున. "అక్కా, ఈరోజు చిత్రకోట జలపాతానికి. ఏడింటికి పెట్రోల్ బంకు దగ్గర. వస్తున్నావా?"

మొదట్లో ఆమె వెనక నవ్వినవాళ్లలో ఇతనూ ఒకడు. ఆడమనిషి, అందులోనూ ఆ బండి, మూడు రోజులాగితే గొప్ప అని. టైమింగ్ బెల్టులు రెండూ ఆమె ఒక్కతే మార్చి, మీట నొక్కిన మొదటిసారికే ఇంజిన్ స్టార్ట్ చేసిన రోజున అతను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అప్పటినుంచి అక్కా అంటాడు.

"మీరు వెళ్లండి నాగార్జునా. నాకు కిరండూల్లో పనుంది," అంది. తీగ సంగతి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ముందు చూపించాల్సిన మనిషి ఒకడున్నాడు.

అప్పలకొండ ఇంటి వెనక రేకుల పంచలో, స్టూలు మీద కూర్చుని, ఎవరిదో కార్బ్యురేటర్ కిరోసిన్‌లో కడుగుతున్నాడు. బండి చప్పుడు వినగానే ఎప్పుడూ లేచి ఎదురొచ్చే మనిషి. ఈసారి లేవలేదు.

"ఏటమ్మీ, ఇంత పొద్దున్నే? సిత్రకోట ఎల్లనేదా?"

రత్నమాల రుమాలు విప్పి, ఆయన ముందు పరిచి ఉన్న పాత పేపరు మీద తీగ ముక్క పెట్టింది.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. తీగని వేలితో ఒకసారి తిప్పాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, కాలినట్టు.

"ఎక్కడిదిది?"

"నా బండిదే. నిన్న సాయంత్రం తీశాను."

"నువ్వే ఏసుంటావు. తొందర్లో తిరగబడిపోయుంటాది."

రత్నమాల బల్ల మీద నుంచి కొత్త తీగ ముక్క, ప్లయర్స్ అందుకుంది. ఆయన కళ్లెదురుగానే ఒక పాత బోల్టుకి తీగ దూర్చి మెలేసి, ఆ తీగ పక్కన పెట్టింది. రెండు మెలికలూ ఒకదానికొకటి ఎదురుబొదురు వాలి ఉన్నాయి.

"నూనె కూడా మార్చారు బాబాయ్. కొత్త నూనె. తాళం నా మెడలో ఉంది. నువ్వు నాకూ నేర్పావు, వాడికీ నేర్పావు. ఇది ఎవరి మెలో నా ముఖం చూసి చెప్పు."

కిరోసిన్ పళ్లెంలో ఆయన వేళ్లు కదలడం మానేశాయి.  

"ఆ దినం ఆడు ఒక్కడూ ఎల్లనేదమ్మీ," అన్నాడు చివరికి. "ఎనకాల నానున్నాను."

 పద్నాలుగు నెలలుగా ఆ ఆదివారాన్ని రత్నమాల మనసులో ఎన్నిసార్లు తిప్పి చూసుకుందో లెక్క లేదు. ప్రతిసారీ ఆ రోడ్డు మీద తమ్ముడు ఒక్కడే ఉండేవాడు.

"బెల్టులు కొత్తవి ఏసినాం గదా. దూరం తోలి సూద్దాం బాబాయ్ అన్నాడు. నాను బుల్లెట్టేసుకుని ఎనకాల ఎల్లినాను. గుమ్మిడి వాగు కాడ ఆడి బండి దానంతటదే ఆగిపోనాది. మూత ఇప్పి సూసినాం. బెల్టులు బాగున్నాయి, నిప్పు వస్తంది, పెట్రోలుంది. ఆగిపోడానికి కారణం నేదు. అప్పుడినిపించినాది."

"ఏం వినిపించింది?"

"సప్పుడు." అప్పలకొండ గొంతు తగ్గించాడు, పక్కింటివాళ్లు వింటారన్నట్టు. "వాగు అవతల అడివిలోంచి. గలగలా, గలగలా. ఇలాటి బండి ఈ జిల్లాల్లో ఇంకోటి నేదు. ఉన్న ఒక్కటీ మా ముందర సల్లబడి నిలబడుంది. ఆడు నవ్వినాడు. అది మన బండే బాబాయ్, ఎవడో తోలుతున్నాడు, సూసొస్తానుండు అన్నాడు. హెల్మెట్టు అద్దానికి తగిలించి వాగులో దిగినాడు. నీళ్లు సీలమండల దాకానే ఉన్నాయి. అవతల గట్టెక్కినాడు. సెట్లలో ఆడి తెల్ల సొక్కా కొంతసేపు అగుపించినాది. తరవాత అగుపించనేదు. సప్పుడూ ఆగిపోనాది."

"నువ్వు?"

"పిలిసినాను. గంట నిలబడ్డాను. గొంతు పోయేలాగ పిలిసినాను. తరవాత..." ఆయన గడ్డం వణికింది. "తరవాత సప్పుడు మల్లా మొదలైనాది. ఈసారి ఇటేపుకి వస్తంది. నాను ఒగ్గీసి వచ్చీసినాను తల్లీ."

రత్నమాల అరవలేదు. అరుస్తుందనే ఆయన ముందే తల దించుకుని కూర్చున్నాడు. ఆమె ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"అమ్మ పోయే ముందు వారం రోజులూ ఒకటే మాట అడిగింది బాబాయ్. ఆ టైములో నా బిడ్డ పక్కన ఎవరైనా ఉన్నారా అని. కన్నమ్మా, నిద్రపో అని అమ్మతో అన్నావు నువ్వు. మంచం పక్కనే కూర్చుని కమలాపండు తొనలు ఒలిచి ఆవిడ నోట్లో పెట్టావు."

"పెట్టినాను."

"ఉన్నానని ఒక్క మాట చెప్పుంటే ఆవిడ కాస్త నెమ్మదిగా పోయేది."

"నన్నే అనుమానిస్తారనుకున్నాను. ఈ సప్పుడు సంగతి ఎవుడు నమ్ముతాడు? ముసిలోడు ఏదో సేసినాడనీవోరు. ఆ తరవాత రోజులు గడిసిపోనాయి. ఎంత ఆలిసెమైతే అంత సెప్పలేకపోనాను."

ఆమె ఆయన చేతుల వంక చూసింది. వాల్వు తెరిచే మీట ఒకటి, మూసే మీట ఇంకొకటి, ఈ ఇంజిన్లో స్ప్రింగుల్ని నమ్ముకోరమ్మీ అంటూ తనకి ఓపిగ్గా నేర్పిన చేతులు. బండిని చూపించి నేర్పిన ప్రతి ఆదివారం ఈ మనిషి కడుపులో ఈ సంగతి దాచుకునే ఉన్నాడు. ఆయన మీద కోపం వస్తోందా, జాలి కలుగుతోందా అని వెతుక్కుంటే ఆమెకి రెండూ దొరకలేదు. చల్లటి తొందర ఒకటే దొరికింది.

"లే బాబాయ్."

"ఎక్కడికి?"

"వాడు వాగు దిగిన చోటు చూపించు. ఇప్పుడే."

"ఒద్దమ్మీ." ఆయన లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. "నీకు దండం పెడతాను. అక్కడికి ఒద్దు."

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. ఈసారి కూడా ఇంట్లోనే కూర్చుంటావా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.  అప్పలకొండ కిరోసిన్ చేతులు లుంగీకి తుడుచుకుని, ప్యాంటు వేసుకోవడానికి లోపలికి వెళ్లాడు.

*

గీదం దాటి బీజాపూర్ వైపు తిరిగాక ఎండ ముదిరింది. ముందు ఎర్ర బండి, వెనక వంద గజాల్లో బుల్లెట్. దారిలో భద్రతా దళాల క్యాంపు దగ్గర ఆపి పేర్లు రాసుకున్నారు. ఒక జవాను బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "కిత్నా దేతీ హై దీదీ?" అని మైలేజీ అడిగాడు. పద్దెనిమిది అంటే పాపం అన్నట్టు చూసి, అయినా సెల్ఫీ తీసుకున్నాడు. మామూలు రోజైతే రత్నమాల నవ్వేది.

బీజాపూర్‌లో టీ తాగారు.  గుమ్మిడి వాగు చేరేసరికి మధ్యాహ్నమైంది.

కల్వర్టు పక్కన బండి ఆపి ఇంజిన్ కట్టేసింది. వెనక బుల్లెట్ కూడా ఆగింది. ఒక్కసారిగా చెవుల్లో దూది కుక్కినట్టయింది. వేసవి మధ్యాహ్నం అడవిలో ఎంత లేదన్నా ఏదో ఒక కీచురాయి రొద పెడుతుంది, ఎక్కడో ఒక పిట్ట అరుస్తుంది. ఇక్కడ ఆకు కూడా కదలడం లేదు. వేడెక్కిన ఇంజిన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. అదొక్కటే చప్పుడు.

వాగు ఎండిపోయింది. తెల్లటి ఇసుక కళ్లు జిగేల్మనిపిస్తోంది. అవతల గట్టు మీద ఇప్పచెట్లు.

"ఇక్కడే దిగినాడు," అన్నాడు అప్పలకొండ. బుల్లెట్ మీద నుంచి దిగలేదు, చేత్తో చూపించాడు. "అదిగో, ఆ రెండు సెట్ల మధ్యలోంచి లోపలికెల్లినాడు."

ఆ రెండు చెట్ల మధ్యలో ఎవరో నిలబడి ఉన్నారు.

తమ్ముడే అనుకుంది రత్నమాల. తర్వాత చూస్తే ఆడమనిషి. యాభై ఏళ్లుంటాయి. చంకలో ఇప్పపూల గంప. ఇటే చూస్తోంది, ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు. తాళంచెవి బండికే వదిలేసి రత్నమాల ఇసుకలోకి దిగింది. బూట్ల అడుగునుంచి కూడా వేడి తెలుస్తోంది. అప్పలకొండ ఏదో అన్నాడు, ఆమె వెనక్కి తిరగలేదు.

"అమ్మా, నీది ఈ ఊరేనా?" అని అడిగింది గట్టెక్కాక.

"అవ్. నా పేరు భీమే. గా చెట్ల ఎనక మా ఇల్లు." ఆమె కళ్లు రత్నమాల ముఖం మీద నుంచి కల్వర్టు పక్కనున్న ఎర్ర బండి మీదకి వెళ్లాయి. "నువ్వు అక్కవా?"

రత్నమాల తల ఊపింది.

"నువ్వొస్తవని చెప్పిండు," అంది భీమే, సంతకి ఎవరో వస్తారని చెప్పినంత మామూలుగా. "ఉండు, నీకు ఒకటి చూపిస్త."

గంప దింపి, చెట్టు మొదట్లో పెట్టుకున్న సొరకాయ బుర్ర తెచ్చింది. మూతికి కుక్కిన ఆకులు తీసి, రత్నమాల అరచేతిలోకి కొంచెం వంచింది. నల్లగా, చిక్కగా, కాలిన వాసనతో నూనె.

"కొడవలికి పుయ్యి, తుప్పు పట్టదన్నడు. బండి నూనెనట. పోయిన మంగళారం ఇచ్చిండు."

నూనెతో పాటు అరచేతిలోకి జారింది, గోరులో సగమున్న నీలం ప్లాస్టిక్ ముక్క.

రత్నమాల దాన్ని వేలితో తుడిచి చూసింది. జనవరిలో నూనె పోసేటప్పుడు నీలం గరాటు అంచు విరిగి ఇంజిన్లో పడింది. వైరు పెట్టి వెతికినా దొరకలేదు. అంత తెలివితక్కువ పని చేశానని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, అప్పలకొండకి కూడా. ఆ ముక్క ఇంజిన్లో ఉందని ఈ లోకంలో తనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. నూటయాభై కిలోమీటర్లకు పైగా అవతల, తాళం వేసిన షెడ్డులో ఉండే తన బండి నూనె ఇది.

"ఎలా ఉన్నాడు?" అంది.  "వాడు ఎలా ఉన్నాడు భీమే?"

భీమే ఆలోచించింది. ఉన్నదున్నట్టు చెప్పాలనుకునే మనిషిలా నెమ్మదిగా చెప్పింది.

"మంచిగనే ఉన్నడు. చిక్కిండు. నీళ్లడిగిండు. ముంతెడిచ్చిన. మల్ల అడిగిండు. ఐదు ముంతలు తాగిండు, ఇంకా దప్పిక తీరలే. కాళ్లకు చెప్పుల్లెవ్వు. గీ ఇసుక చూసినవా, పేలాలు ఏగుతయ్. దీని మీదికెల్లి మెల్లగ నడిచిపోయిండు, కాలు తియ్యలే."

"ఎటు పోయాడు?"

భీమే చెట్ల వెనక అడవి వైపు చూపించబోయి, చెయ్యి సగంలో ఆపేసింది. కల్వర్టు వైపు చూస్తోంది. ఆమె ముఖంలో అప్పటిదాకా లేని బిగుతు వచ్చింది.

"నీ ఎంబడి వచ్చినాయన ఎవరు?"

"మా బాబాయ్. తమ్ముడికి గురువు."

"ముసలాయన. కండ్లద్దాలు." భీమే గంప ఎత్తి చంకకి ఆనించుకుంది. గొంతు తగ్గించింది. "అక్కను రమ్మను అన్నడు. అక్కకు తొవ్వ చూపెట్టు అన్నడు. గానీ కండ్లద్దాల ముసలాయన వస్తే మాత్రం వాగు దాటనియ్యకు అన్నడు."

"ఎందుకు? బాబాయ్ వాగు దిగనే లేదు. ఆరోజు గట్టు మీదే ఉండిపోయాడు."

"లే బిడ్డా." భీమే తల అడ్డంగా ఊపింది. "నేను పూలేరుతున్న ఆనాడు. నా కండ్లతోటి చూసిన. వాగు దాటింది ఇద్దరు. మర్లి వచ్చింది ఒక్కడు."

వెనక ఇసుకలో అడుగుల చప్పుడైంది. రత్నమాల గిర్రున తిరిగింది.

అప్పలకొండ వాగు మధ్యలోకి వచ్చేసి ఉన్నాడు. ముఖం మీద చెమట కారుతోంది. ఇంటి దగ్గర వణికిన గడ్డం ఇప్పుడు వణకడం లేదు.

"ఆ మనిసి మాటలు ఇనకమ్మీ," అన్నాడు నెమ్మదిగా. "ఇలా వచ్చీ. ఇంటికెల్లిపోదాం."

ఆమె ఆయన భుజం మీదుగా ఎర్ర బండి వైపు చూసింది. తర్వాత ఆయన కుడిచెయ్యి వైపు చూసింది. ఆ పిడికిట్లోంచి ఆమె బండి తాళంచెవి తల ఎండకి మెరుస్తోంది.